గోదాలోకి దిగిన గగనసఖి

మగపిల్లలున్న ఇల్లయితే ఈ గోల మీకు కొత్తేమీ కాదు. సాయంత్రం టీవీ ముందు చేరి "కొట్టు, కొట్టు" అని కేకలు. తర్వాత పరుపు మీద ఒకళ్ళ మీద ఒకళ్ళు దూకడాలు. చివరికి ఎవడో ఒకడు మోచెయ్యి పట్టుకుని ఏడుస్తూ వంటింట్లోకి రావడం! 1990ల్లో కేబుల్ టీవీతో పాటే మన ఇళ్ళల్లోకి వచ్చిపడింది ఈ అమెరికా కుస్తీ. అప్పట్లో డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. అనేవారు. ఆ కండల వీరుల బొమ్మలున్న ట్రంప్ కార్డులు మా ఇంట్లో ఊడ్చినప్పుడల్లా మంచం కింద దొరుకుతుండేవి. 2002లో ఆ కంపెనీ పేరు డబ్ల్యూ.డబ్ల్యూ.ఇ. అయింది. పేరు మారింది గానీ పరుపుల మీద దూకడం మానలేదు పిల్లలు.

2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో వాళ్ళ పోటీలు జరిగాయి. మా మేనల్లుడు డబ్బులు కూడబెట్టుకుని మరీ వెళ్ళొచ్చాడు. జాన్ సీనా, సేత్ రోలిన్స్ జట్టుకట్టి గెలిచారని రాత్రి పదకొండింటికి అన్నం కూడా తినకుండా ఒకటే కబుర్లు. "ఆ రోలిన్స్ ఎవర్రా?" అన్నాను ఊరికే అడగాలి కాబట్టి. "అత్తా, ఆయనకంటే ఆయన భార్య పెద్ద స్టార్. ఒకప్పుడు ఎయిర్ హోస్టెస్ తెలుసా?" అన్నాడు.

అదిగో, అక్కడ ఆగాను నేను. ఎయిర్ హోస్టెస్ ఏమిటి, కుస్తీ ఏమిటి? ఆరా తీస్తే తెలిసిన కథ ఇది. మీకు కుస్తీ అంటే గిట్టకపోయినా ఫరవాలేదు, చదవండి.

ఆటల్లో వెనకబడిన పిల్ల

ఆమె అసలు పేరు రెబెకా క్విన్. ఊరు ఐర్లండ్. 1987 జనవరి 30న లిమరిక్‌లో పుట్టి డబ్లిన్‌లో పెరిగింది. తను పసిపిల్లగా ఉన్నప్పుడే అమ్మానాన్నలు విడిపోయారు. అన్న రిచీకి కుస్తీ పిచ్చి. టీవీలో వచ్చేవన్నీ చూసేవాడు, చెల్లెల్ని కూడా కూచోబెట్టేవాడు. కానీ ఆ పిల్ల క్రీడాకారిణి అవుతుందని ఎవరూ అనుకోలేదు. స్కూల్లో డ్రిల్లు క్లాసులోనే వెనకబడి ఉండేదాన్నని తనే తర్వాత చెప్పుకుంది.

2002లో, ఆమెకి పదిహేనేళ్ళప్పుడు, డబ్లిన్‌కి దగ్గర్లో సముద్రం ఒడ్డున ఉన్న బ్రే అనే ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు కుస్తీ నేర్పే బడి పెట్టారు. అందులో ఒకడు ఫెర్గల్ డెవిట్. ఇప్పుడు ఫిన్ బాలర్ అంటే మీ పిల్లలకి తెలుస్తుంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ చేరారు. కొద్ది నెలలకే, ఆ ఏడాది చివర్లోనే, 'రెబెకా నాక్స్' అన్న పేరుతో మొదటి పోటీ ఆడేసింది ఈ అమ్మాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ కుస్తీలో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. ఇది మనం పిల్లలకి చెప్పినా వినరు గానీ, నిజం. అలాగని ఉత్తుత్తి ఆట అనుకోకండి. గెలుపు నాటకమే, పడటం మాత్రం నాటకం కాదు. ఎత్తి పడేస్తే వీపు బల్లకి తగలాల్సిందే. ఎలా పడితే మెడ విరగదో నేర్చుకోవడానికే నెలలు పడుతుంది.

ఇండిపెండెంట్ రెజ్లర్ అంటే ఏ పెద్ద కంపెనీతోనూ ఒప్పందం లేనివాళ్ళు. మన పరిషత్తు నాటకాల్లో ఆడవేషాలు వేసే నటీమణుల్ని తలుచుకోండి. ఏ సమాజం పిలిస్తే ఆ సమాజానికి వెళ్ళి, రాత్రికి ఆడి, ఇచ్చింది పుచ్చుకుని, తెల్లారే బస్సెక్కి రావడం. వీళ్ళ బతుకూ అదే. దారిఖర్చులు కూడా రాని రోజులుంటాయి. ఆడపిల్లలకి మరీ కష్టం, ఎందుకంటే ఎదుట ఆడటానికి ఇంకో ఆడపిల్ల దొరకాలి కదా! ఆ రోజుల్లో ఐర్లండ్ మొత్తం మీద వెతికినా అలాంటి వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే.

అందుకే 2005లో, స్కూలు చదువు అయిపోగానే, కెనడా వెళ్ళిపోయింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల! ఇల్లు వదిలి, సముద్రం దాటి, వాంకూవర్‌లో. కన్నతల్లి మనసు ఎలా ఉండి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ తల్లికి ఈ కుస్తీ మొదట్నుంచీ ఇష్టం లేదు. చదువుకుని నిలకడైన ఉద్యోగం చేసుకోవాలని ఆవిడ కోరిక. ఏ దేశమైతేనేం, తల్లుల కోరిక ఒకటే.

వెళ్ళిన మాట నిలబెట్టుకుంది. అదే సంవత్సరం జూన్‌లో అక్కడి సూపర్‌గర్ల్స్ టైటిల్ గెలిచింది. అక్కణ్ణుంచి జపాన్, అమెరికా. షికాగో దగ్గర ఆడవాళ్ళ కోసమే పుట్టిన షిమ్మర్ అనే సంస్థ పోటీల్లో 2006లో డేజీ హేజ్ అనే ఆమెతో ఈమె ఆడిన పోటీని ఇప్పటికీ తెలిసినవాళ్ళు గుర్తుచేసుకుంటారు. పందొమ్మిదేళ్ళకే మూడు ఖండాలు తిరిగేసింది. పేరొచ్చింది, చిన్న చిన్న పత్రికల్లో ఫోటోలు పడ్డాయి.

ఎడమ చెవిలో హోరు

2006 సెప్టెంబరు, జర్మనీ. ఆటలో తలకి దెబ్బ తగిలింది. ఆ తర్వాత విపరీతమైన తలనొప్పి, ఎడమ చెవిలో ఆగని హోరు, కళ్ళకి మసక. చెవికీ మెదడుకీ మధ్య ఉండే నరం దెబ్బతిందేమోనన్నారు. గోదా దిగి ఇంటికొచ్చింది.

మీరు గమనించారా? ఇలాంటి కథలు మనకి చెప్పేటప్పుడు దెబ్బ తగలగానే "పట్టుదలతో లేచి నిలబడింది" అని రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. ఈమె లేచి నిలబడలేదు. ఏడేళ్ళపాటు దాదాపుగా ఆటే వదిలేసింది.

ఆ ఏడేళ్ళూ ఏం చేసిందంటే, చాలా చేసింది, ఏదీ కుదుట పడలేదు. కాలేజీలో తత్వశాస్త్రం, చరిత్ర, రాజకీయాలు మొదలుపెట్టి మధ్యలో మానేసింది. తల్లి చేసిన ఉద్యోగంలోనే, అంటే విమానంలో గగనసఖిగా, ఏర్ లింగస్ అనే ఐర్లండ్ విమానసంస్థలో చేరి రెండున్నరేళ్ళు పనిచేసింది. చక్కటి యూనిఫాం, నెలనెలా జీతం, దేశాలు తిరగడం! తల్లికి ఇంతకంటే ఏం కావాలి? మన చుట్టాల్లో అయితే "ఇంక సంబంధాలు చూడండి" అనేవాళ్ళు. కానీ ఆ అమ్మాయి అదీ వదిలేసి డబ్లిన్‌లో నటన నేర్పే కోర్సులో చేరి డిగ్రీ తీసుకుంది. కొన్నాళ్ళు షికాగోలో కూడా చదివింది. 'వైకింగ్స్' అనే టీవీ సీరియల్లో స్టంట్ల పనికి వెళ్ళింది.

"ఇరవై నాలుగేళ్ళొచ్చాయి, ఇంకా ఏ ఉద్యోగమూ స్థిరం లేదు" అని మనింట్లో ఎవరైనా అంటే ఎలా ఉంటుందో, ఆ ఇంట్లోనూ అలాగే ఉండి ఉండాలి.

2011 మార్చిలో ఒకసారి షిమ్మర్ వాళ్ళు పిలిస్తే వెళ్ళింది. ఆడటానికి కాదు, ఒక తల్లీకూతుళ్ళ జట్టుకి మేనేజరు వేషం వెయ్యడానికి. మీరు సరిగ్గానే చదివారు, తల్లీ కూతురూ కలిసే కుస్తీ పడతారు! ఇంగ్లండులో నారిచ్ అనే ఊరివాళ్ళు. తల్లి సరాయా నైట్, కూతురు బ్రిటనీ. ఆ కూతురే ఆ తర్వాత పేజ్ అన్న పేరుతో 2014 ఏప్రిల్‌లో, ఇరవై ఒకటో ఏట, అమెరికా పెద్ద కంపెనీలో ఆడిన మొదటి రోజే ఆడవాళ్ళ టైటిల్ గెలిచింది. వాళ్ళ కుటుంబం మీద 2019లో సినిమా కూడా వచ్చింది. సరే, అది వేరే కథ, ఇంకోసారి చెప్పుకుందాం.

ఇరవై ఆరేళ్ళకి మళ్ళీ ఓనమాలు

2013లో డబ్ల్యూ.డబ్ల్యూ.ఇ. వాళ్ళు ఈమెని శిక్షణకి తీసుకున్నారు. మళ్ళీ సూట్‌కేసు, మళ్ళీ పరాయి దేశం. ఈసారి అమెరికాలో ఫ్లోరిడా. అక్కడ ఓర్లాండోలో ఆ ఏడాది జూలైలోనే పెద్ద శిక్షణ కేంద్రం తెరిచారు. ఒకే కప్పు కింద ఏడు గోదాలు. అమ్మాయిలకి నేర్పే కోచ్ సారా అమాటో అని, తనూ ఒకప్పుడు ఊరూరా తిరిగిన ఇండిపెండెంట్ రెజ్లరే. ఆ కంపెనీలో ఒక ఆడమనిషిని కోచ్‌గా పెట్టడం ఆవిడతోనే మొదలు.

అన్నట్టు, గురువు ఫెర్గల్ సంగతి. ఆయన 2006లో జపాన్ వెళ్ళి ఎనిమిదేళ్ళు అక్కడే పేరు తెచ్చుకుని 2014లో ఇదే కంపెనీకి వచ్చాడు. గురువు తూర్పుకి, శిష్యురాలు పడమటికి బయల్దేరి ఫ్లోరిడాలో కలుసుకున్నారన్నమాట. ఒకే తేడా. ఆయన ఆ ఎనిమిదేళ్ళూ ఆడుతూనే ఉన్నాడు, ఈమె విమానంలో కాఫీలు అందించింది.

విదేశం వెళ్ళగానే దశ తిరిగిందనుకుంటే పొరపాటు. ఏడాదిపాటు టీవీలో మొహమే చూపించలేదు. 2014 జూన్‌లో 'బెకీ లించ్' అని కొత్త పేరు పెట్టి చూపించారు. ఎలాగో తెలుసా? ఐర్లండ్ పిల్ల కదా అని ఆకుపచ్చ బట్టలు తొడిగి, ఐర్లండ్ జానపద నృత్యంలా ఎగిరించారు! మన వాళ్ళెవరైనా వెళితే పాముబుట్ట ఇచ్చి కూచోబెట్టినట్టు. బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళని ముందు వాళ్ళ దేశం బొమ్మలాగే చూస్తారు, తర్వాత గానీ మనిషిలా చూడరు. ఆ డాన్సు గురించి ఇప్పుడు తనే నవ్వుకుంటుంది. ఆ తర్వాత జుట్టుకి నారింజ రంగు వేసుకుని, పాతకాలం ఇంజను డ్రైవర్లు పెట్టుకునే లాంటి కళ్ళద్దాలు నెత్తిన పెట్టుకుని, ఇంకో అవతారం ఎత్తింది. అది అతికింది.

ఆమె దశ ఎక్కడ తిరిగిందంటే నేను 2015 మే 20 అంటాను. సాషా బ్యాంక్స్ అనే ఆమెతో టైటిల్ పోటీ. ఫ్లోరిడాలో ఒక యూనివర్సిటీ హాలు. ఆ పోటీలో బెకీ ఓడిపోయింది. టైటిల్ పట్టుకుని సాషా వెళ్ళిపోయింది. హాలు ఖాళీ కావాలి కదా, కాలేదు. ఓడిపోయి కూలబడ్డ బెకీ కోసం జనం ఆమె ప్రవేశించేటప్పుడు వేసే పాటని గొంతెత్తి పాడటం మొదలుపెట్టారు. ఆమె అక్కడే ఏడ్చేసింది. ఎవరు గెలవాలో ముందే రాసిపెట్టుకునే ఆటలో, ఎవరూ రాసిపెట్టనిది అదొక్కటే.

రెండు నెలలకే, 2015 జూలైలో, పెద్ద జట్టులోకి తీసుకున్నారు. అక్కడ ఎవరి పక్కన నిలబెట్టారనుకున్నారు? తను ఒకనాడు మేనేజరుగా ఉన్న పేజ్ పక్కన!

అప్పటికి ఆ కంపెనీలో ఆడవాళ్ళ పరిస్థితి ఎలా ఉండేదో కూడా చెప్పాలి. మూడు గంటల కార్యక్రమంలో వాళ్ళ వంతు మనం పోపు వేసి వచ్చేలోపు అయిపోయేది. 2015 ఫిబ్రవరిలో నలుగురు అమ్మాయిల పోటీని ముప్ఫై సెకన్లలో ముగించేశారు. దాంతో చూసేవాళ్ళకే కోపం వచ్చి 'ఆడవాళ్ళకి అవకాశం ఇవ్వండి' అని పెద్ద రగడ చేశారు. ఆ తర్వాతే కదలిక వచ్చింది. 'డివా' అన్న పేరుతో ఇచ్చే టైటిల్‌ని 2016 ఏప్రిల్‌లో తీసేసి ఆడవాళ్ళ ఛాంపియన్‌షిప్ అన్నారు. అదే సెప్టెంబరులో స్మాక్‌డౌన్ ఆడవాళ్ళ టైటిల్‌కి మొదటి విజేత బెకీయే.

మగరాయుడు

తర్వాత రెండేళ్ళు పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. మిగతావాళ్ళు ముందుకి, ఈమె వెనక్కి. 2018 ఆగస్టులో ఓడిపోయిన కోపంతో స్నేహితురాలు షార్లట్ ఫ్లెయిర్ మీద పడి కొట్టింది. కథ రాసినవాళ్ళ లెక్క ప్రకారం జనం బెకీని తిట్టాలి. జనం ఈలలు వేశారు! "పక్కకి నెట్టేస్తే ఎన్నాళ్ళని ఊరుకుంటుంది?" అన్నట్టు. ఇక కథే మార్చుకోవాల్సి వచ్చింది. అప్పుడు తనకి తనే పెట్టుకున్న బిరుదు 'ద మ్యాన్'.

మన ఇళ్ళల్లో కాస్త గట్టిగా మాట్లాడే ఆడపిల్లని 'మగరాయుడు' అంటాం కదా, ముద్దుగా కొంత, దెప్పుతూ కొంత. ఇది అది కాదు. ఆ కుస్తీ పరిభాషలో అందరికంటే పైనున్నవాణ్ణి 'ద మ్యాన్' అనడం ఆనవాయితీ. ఆ కుర్చీకి ఆడా మగా లేదు, ఇప్పుడందులో నేనున్నాను అని ఆమె భావం. మైకు పట్టుకుంటే మాటకి మాట తూటాలా పేలేది. నటన కోర్సు ఊరికే పోలేదని నాకనిపిస్తుంది.

2018 నవంబరు 12న ఇంకో ప్రమాదం. నయా జాక్స్ అనే ఆమె గుద్దు నిజంగానే మొహానికి తగిలి ముక్కు విరిగింది. రక్తం కారుతుండగానే జనం మధ్య మెట్ల మీద నిలబడి చేతులు చాచింది. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. నాకైతే ఆ ఫోటో చూస్తే 2006లో జర్మనీలో తగిలిన దెబ్బే గుర్తొచ్చింది. అప్పుడు పందొమ్మిదేళ్ళు, ఇప్పుడు ముప్ఫై ఒకటి. ఈసారి ఇంటికి వెళ్ళలేదు.

ఏటా జరిగే రెజిల్‌మేనియా వాళ్ళకి సంక్రాంతి లాంటిది. 1985లో మొదలైన దగ్గర్నుంచి 34 సార్లూ ఆఖరి పోటీ, అంటే అసలు పోటీ, మగవాళ్ళదే. 2019 ఏప్రిల్ 7న న్యూజెర్సీలో మొదటిసారి ముగ్గురు ఆడవాళ్ళది అయింది. ఒకవైపు ఒలింపిక్స్‌లో జూడో కాంస్యం తెచ్చుకున్న రోండా రౌసీ, ఇంకోవైపు షార్లట్, మూడోది మన గగనసఖి. అర్ధరాత్రి దాటాక ముగిసింది. రోండా భుజం పూర్తిగా నేలకి ఆనిందా లేదా అని ఇప్పటికీ వాదించుకుంటారు, మా మేనల్లుడితో సహా. బెకీ మాత్రం ఒకే రాత్రి రెండు టైటిళ్ళు భుజాన వేసుకుని వెళ్ళింది.

బెల్టు ఇచ్చేసి, బిడ్డ కోసం

ఏడాది దాటి ఆ ఛాంపియన్‌గానే ఉంది. 2020 మే 11న టీవీలో టైటిల్ తెచ్చి జపాన్ అమ్మాయి అసుకా చేతుల్లో పెట్టింది. నీళ్ళోసుకున్నానని చెప్పింది. అసుకా సంతోషంతో ఎగిరి గంతేసి కావలించుకుంది. డిసెంబరులో పాప పుట్టింది. పెళ్ళి ఆ తర్వాత, 2021 జూన్‌లో. ఆ దేశాల్లో వరసలు అలాగే ఉంటాయి లెండి!

ఇక తిరిగి రాదనుకున్నవాళ్ళే ఎక్కువ. పాపకి తొమ్మిదో నెల నడుస్తుండగా, 2021 ఆగస్టు 21న, చెప్పాపెట్టకుండా వచ్చి బియాంకా బెలెయిర్‌ని 26 సెకన్లలో ఓడించి టైటిల్ పట్టుకెళ్ళింది. పురుడు పోసుకున్న ఒంటితో మళ్ళీ ఎత్తులు వేసే స్థితికి రావడానికి ఎంత కష్టపడి ఉంటుందో మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. టీవీలో కనిపించింది ఆ 26 సెకన్లే.

ఇంకో చిత్రం. సెప్టెంబరు 8న భర్త మన గచ్చిబౌలిలో ఆడాడా, నాలుగు రోజులకి, 2023 సెప్టెంబరు 12న, ఆమె ఫ్లోరిడాలో టిఫనీ స్ట్రాటన్ మీద గెలిచింది. ఏ టైటిలనుకున్నారు? శిక్షణ రోజుల్లో, జనం పాట పాడిన ఆ రాత్రి చేజారిందే. ఎనిమిదేళ్ళు దాటాక వెనక్కి వెళ్ళి మరీ తెచ్చుకుంది. 2024లో తన కథ పుస్తకంగా కూడా రాసుకుంది.

ఆ టైటిల్ నెలా పదిహేను రోజులు కూడా నిలవలేదు. అక్టోబరు 24న లైరా వాల్కీరియా అనే అమ్మాయి ఓడించి తీసుకుంది. లైరాది ఏ ఊరంటారా? డబ్లిన్! బెకీ కెనడా విమానం ఎక్కేనాటికి ఆ పిల్లకి ఇంకా పదేళ్ళు కూడా లేవు.

2025 ఏప్రిల్‌లో రెజిల్‌మేనియాలో ఆ ఇద్దరూ ఒక జట్టుగా ఆడి గెలిచారు. మర్నాడే ఆ టైటిళ్ళు పోయాయి, కోపంతో పెద్దావిడ చిన్నమ్మాయిని చితక్కొట్టింది. "పాపం అత్తా, లైరా" అని మా వాడు ఒకటే బాధ. ఇదంతా ముందే రాసుకున్నదేరా అంటే వినడు. జూన్‌లో మళ్ళీ ఇద్దరికీ పోటీ పెడితే బెకీ గెలిచింది. ఆ రోజు వాడు మా ఇంట్లో కాఫీ కూడా తాగలేదు.